విండోస్ పడటం లేదా? ఫార్మాట్ మాట ఆఖరున

ఒంటిమిట్టలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుకునేవాళ్లకు, బడి ఆఫీసులో లెక్కలు చూసేవాళ్లకు, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్లకు సిస్టమ్ లేవలేదంటే ఆ పూట పని ఆగినట్టే. మెకానిక్ కావాలంటే కడపకో రాజంపేటకో పోవాలి. ఇవతల దరఖాస్తుకు ఆఖరు తేదీ అని పిల్లలు బెంచీ మీద కాచుకుని ఉంటారు. ఆ హడావిడిలో అందరి నోటా వచ్చే మాట ఒకటే, 'ఫార్మాట్ కొట్టేస్తే పోతుంది' అని. నిజమే, పోతుంది. దాంతోపాటు నాలుగేళ్ల శుభలేఖల ఫైళ్లు, ఫీజుల లెక్కలు, స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు కూడా పోతాయి. సిస్టమ్ లేవకపోవడానికి ఉన్న కారణాల్లో ఫార్మాట్ దాకా పోవాల్సినవి తక్కువ. ముందు అది ఎక్కడ ఆగిందో చూడాలి.

బటన్ నొక్కితే లైటు లేదు, ఫ్యాను తిరగలేదు అంటే అది కరెంటు సంగతి. ప్లగ్గు, యూపీఎస్, సీపీయూ వెనక ఉండే ఎస్‌ఎంపీఎస్ స్విచ్ చూడండి. వైరు తీసేసి పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి మళ్లీ పెట్టండి. అప్పుడప్పుడు అంతటితోనే లేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. వైరు తీసిన తర్వాత కూడా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

ఫ్యాను తిరుగుతోంది గానీ తెర నల్లగానే ఉంది, లేదా బీప్‌లు కొడుతోంది. మన ఎండలకు, దుమ్ముకు ఎక్కువగా వచ్చేది ఇదే. మానిటర్ కేబుల్ గట్టిగా ఉందని చూసుకున్నాక అనుమానం ర్యామ్ మీదికి పోవాలి. మెయిన్స్ వైరు పీకేసి, క్యాబినెట్ పక్క రేకు తీసి, ముందు లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ దానికి పోతుంది. ర్యామ్ రెండు చివర్లా ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కితే అదే పైకి లేస్తుంది. అడుగున బంగారు రంగులో సన్నటి గీతల వరస కనిపిస్తుంది. దాని మీద వేలు పెట్టకుండా, అంచులు పట్టుకుని, పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపుకు మెల్లగా రుద్దండి. మసక పోయి మెరుపు వస్తుంది. రబ్బరు పొట్టు దులిపేసి, స్లాట్‌లో దుమ్మును మెత్తటి బ్రష్‌తో తీసి, గాడి సరిచూసుకుని, టక్ అని చప్పుడయ్యేదాకా నొక్కాలి. రెండు ర్యాములుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏది చెడిందో తెలిసిపోతుంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి అది విపరీతంగా తిరిగిందంటే దెబ్బతింటుంది.

కంపెనీ బొమ్మ వచ్చి, ఆ తర్వాత బూట్ డివైస్ దొరకలేదని ఇంగ్లీషులో ఒక వరస రాసి ఆగిపోయిందనుకోండి. ముందు పెన్ డ్రైవ్ ఏదైనా వెనక గుచ్చి మరిచిపోయారేమో చూడండి. ప్రింటుకు వచ్చినవాళ్లు వదిలేసిన పెన్ డ్రైవ్ వల్ల సిస్టమ్ ఆగిపోవడం ఆన్‌లైన్ సెంటర్లలో మామూలే. అది కాకపోతే బయోస్‌లోకి పోవాలి. ఆన్ చేసిన వెంటనే డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, అసెంబుల్డ్ సిస్టముల్లో ఎక్కువగా డిలీట్ బటన్. అక్కడ హార్డ్ డిస్క్ పేరు కనబడుతోందా లేదా అన్నదే ముఖ్యం. కనబడకపోతే కేబుల్ వదులై ఉండాలి, లేదా డిస్కే పోయి ఉండాలి. కనబడుతుంటే డిస్క్ ఉన్నట్టే, బూట్ వరస మారిందో, విండోస్ చెడిందో చూసుకోవాలి.

బయోస్‌లో తేదీ ఏ పదేళ్ల కిందటిదో చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్2032, 3 వోల్టులు, గడియారాల కొట్లో దొరుకుతుంది. అది పోతే తేదీతోపాటు బూట్ సెట్టింగులు కూడా చెరిగిపోతాయి. సిస్టమ్ ఎలాగో లేచినా తేదీ తప్పు కావడంతో సర్కారు సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. నెట్ పోయిందనుకుని రూటర్ మార్చినవాళ్లు కూడా ఉంటారు.

విండోస్ గుర్తు దాకా వచ్చి అక్కడే తిరుగుతుంటే, లేదా నీలి తెర వస్తుంటే, గుర్తు కనబడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర దానంతటదే వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్ మీ ఫైళ్ల జోలికి పోదు. దానితో కాకపోతే, అప్‌డేట్ తర్వాతే ఇలా అయిందనుకుంటే ఆ అప్‌డేట్ తీసేసే వీలూ అక్కడే ఉంటుంది. తర్వాత సిస్టమ్ రిస్టోర్, సేఫ్ మోడ్.

సేఫ్ మోడ్ ఎంత పనికొస్తుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ సిస్టములు నీలి తెర వేసి కూర్చున్నాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దానికి మందు చాలా చిన్నది. సేఫ్ మోడ్‌లోకి పోయి సీ-00000291తో మొదలయ్యే ఫైలు చెరిపేయడమే. ఎవరూ ఫార్మాట్ చేయాల్సిన పని లేదు. కాకపోతే చాలామంది దగ్గర బిట్‌లాకర్ అనే డిస్క్ తాళానికి కీ లేక ఆ చిన్న పని కూడా రోజులు పట్టింది. కొత్త ల్యాప్‌టాపుల్లో ఈ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. ఆ 48 అంకెల కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. సిస్టమ్ బాగున్న రోజే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇవేవీ పని చేయకపోతే ముందు డేటా బయటికి తీయాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. 'సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, డీలో ఉన్నవి భద్రం' అంటే సరేనంటారు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ సీ డ్రైవ్‌లోనివే. టాలీ డేటా కూడా చాలాచోట్ల అక్కడే ఉంటుంది. వేరే సిస్టమ్‌లో 8 జీబీ పెన్ డ్రైవ్ మీద ఉబుంటు అనే ఓఎస్ ఎక్కించుకుని, దాంతో ఈ సిస్టమ్‌ను లేపి, 'ఇన్‌స్టాల్' జోలికి పోకుండా 'ట్రై' అన్నది ఎంచుకుంటే మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్ టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. అప్పుడు చెక్ డిస్క్ లాంటివి నడిపితే మిగిలింది కూడా పోతుంది. అలాంటిది డేటా రికవరీ తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి.

ఆ తర్వాత కావాలంటే ఓఎస్ వేయించండి. అను ఫాంట్లు, టాలీ, డిజిటల్ సంతకం డ్రైవర్, ప్రింటర్ అన్నీ మళ్లీ ఎక్కించాలి కాబట్టి ఒక పూటంతా పడుతుందని ముందే అనుకోండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సిస్టమ్ తట్టుకోగలిగితే 11 వేయమని అడగండి.

పదే పదే ఇలాగే అవుతుంటే సిస్టమ్ వదిలేసి కరెంటు వైపు చూడండి. మనది రాతి నేల, ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందంటే ఎర్త్ సరిగా లేదని అర్థం. అలాంటప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించాలి. గుంతలో ఉప్పు, బొగ్గు ఉన్నాయో లేదో చూసుకుని వేసవిలో నీళ్లు పోస్తుండాలి. యూపీఎస్ బ్యాటరీ నీరసపడి, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే విండోస్ సగంలో చెడుతుంది.

కడప మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు 'సిస్టమ్ పని చేయడం లేదన్నా' అని ఊరుకోకండి. తెర మీద వచ్చిందాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. బీప్‌లు కొడితే వీడియో తీయండి. బయోస్‌లో డిస్క్ పేరు ఉందో లేదో చెప్పండి. ఆయన ర్యామ్ తేవాలో, ఎస్‌ఎంపీఎస్ తేవాలో తెలుసుకుని ఒక్కసారే బండెక్కుతాడు.