ఇరుసు కందెన - ఇంజిన్ నూనె

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అని తెలుగువారి సామెత. వరిగడ్డిని కాల్చిన మసిని ఆముదంతో కలిపి ఇరుసుకు పూయడం పూర్వం బండివాని నిత్యకృత్యం. కందెన ఎండితే బండి కిర్రుమని మొరపెట్టుకొనేది. కారు ఇంజిన్‌కు ఆ గుణం లేదు. నూనె సారం కోల్పోయినా అది చాలాకాలం మౌనంగానే అరిగిపోతుంది. ఆముదానికి మోటారుతోనూ చుట్టరికం ఉంది. 1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ సంస్థ ఆముదం కలిపిన ఇంజిన్ నూనెను తయారుచేసి, ఆముదపు ఆంగ్లనామమైన ‘కాస్టర్’ నుండే ‘కాస్ట్రాల్’ అనే పేరు పెట్టింది.

1806లో సికందర్ జా పేర వెలసిన సికింద్రాబాదు యంత్రవిద్యకు నెలవు. తిరుమలగిరిలో సైన్యానికి చెందిన ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. రాణిగంజ్ వీధులలో వాహనాల విడిభాగాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. కనుక ఈ నగరవాసి తన కారు నూనెను ఇంటివద్దనే మార్చుకోదలిస్తే సామగ్రికి కొదువ లేదు.

ఏ నూనె పోయాలో కారుతో వచ్చిన పుస్తకమే ప్రమాణం. డబ్బాపై ‘5డబ్ల్యు-30’ అని ఉంటే, మొదటి అంకె చలిలో నూనె పారే తీరును, రెండవది ఇంజిన్ వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. ‘డబ్ల్యు’ శీతకాలానికి సంకేతం. చిక్కని నూనె మేలైనదన్న నమ్మకం కొత్త ఇంజిన్ల విషయంలో చెల్లదు. నగర రద్దీలో కారు నిలిచి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఆ శ్రమ కిలోమీటర్ల లెక్కకు ఎక్కదు. అందుకే కిలోమీటర్లతోపాటు కాలపరిమితిని కూడా నిర్దేశిస్తారు. ఏది ముందు వస్తే అది పాటించాలి.

కారును చదునైన నేలపై నిలిపి, ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. గోరువెచ్చని నూనె మడ్డితో సహా సులువుగా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. కారు కిందికి దూరవలసివస్తే కేవలం జాకీని నమ్మడం ప్రాణాంతకం. జాకీ జారవచ్చు, ఇటుకలు పగలవచ్చు. బరువును మోసే ఇనుప స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, హ్యాండ్ బ్రేకు బిగించిన తరువాతనే కిందికి వెళ్ళాలి. స్టాండ్లు లేనివారు ఈ పనిని మెకానిక్కుకు వదలడమే వివేకం.

చాంబరు అడుగున ఉన్న బోల్టును పానాతో విప్పి, నూనెను వెడల్పాటి పళ్ళెంలోకి దింపాలి. బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించాలి. అతిగా బిగిస్తే మరలు చెడతాయి. పాత ఫిల్టరు రబ్బరు ఇంజిన్‌కు అంటుకొని ఉండిపోలేదని చూసుకొని, కొత్తదాని రబ్బరుకు కాస్త నూనె రాసి చేతితోనే బిగించాలి. గరాటుతో నూనె పోసేటప్పుడు చెప్పిన కొలతకు కొంచెం తక్కువగా పోసి, ఒక నిమిషం ఇంజిన్ నడిపి ఆపి, కాసేపాగి గేజీ కడ్డీని చూడాలి. నూనె రెండు గీతల నడుమ ఉండాలి. ఎక్కువైతే తిరిగే భాగాలు దానిని చిలికి నురుగు చేస్తాయి. నురుగు ఇంజిన్‌ను కాపాడలేదు.

ఇక మిగిలేది పళ్ళెంలోని నల్లని నూనె. దానిని చెదలు పట్టకుండా కర్రలకు పూయడం పల్లెలలో వాడుక. మురుగుకాలువలో పోయడం నగరాలలో వాడుక. రెండూ తగవు. అందులో లోహపు రజను, దహనశేషాలు ఉంటాయి. ఒక్కసారి మార్చిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని కలుషితం చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. సికింద్రాబాదులో పికెట్ నాలా చేరేది హుస్సేన్‌సాగరునే. మన దేశంలో 2016 నాటి నియమాలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తాయి. 2024 ఏప్రిల్ 1 నుండి దాని పునఃశుద్ధి బాధ్యతను ఉత్పత్తిదారులపై కూడా ఉంచారు. ఖాళీ అయిన కొత్త నూనె డబ్బాలోనే పాత నూనెను పోసి, మూత బిగించి, అనుమతి పొందిన శుద్ధి కర్మాగారానికి పంపే సర్వీసు కేంద్రానికి అప్పగించవచ్చు. అక్కడ మలినాలు తొలగిన నూనె మళ్ళీ కందెనకు మూలద్రవ్యమవుతుంది.