పూర్వరూప మేది?



అమెరికాలో పావుమైలు దూరము తిన్నగా పరుగెత్తు కారు పందెములు కలవు. వేగము కొఱకు ఆ కార్ల యంత్రములను పలుమార్లు మార్చుట వాడుక. అట్టి పాత కారును పూర్వస్థితికి తెచ్చువారు పైరంగును మెల్లగా గీకి అడుగు రంగును చూతురు. నాటి ఛాయాచిత్రములతో పోల్చుదురు. అయినను ఒక ప్రశ్న మిగులును: ఏ నాటి రూపము పూర్వరూపము?

ఈ ప్రశ్నయే మనకు సమీపమున నున్న ఒక రథమునకును కలదు. 2021 వఱకు మన బళ్ళారి జిల్లాలో నుండి, పిదప విజయనగర జిల్లాలో చేరిన హంపిలో, విఠ్ఠలాలయపు రాతి రథమును చూడుడు. అది గరుత్మంతుని గుడి. ఒకే రాయివలె కనబడినను పెక్కు రాళ్లను కూర్చి కట్టినది. 1856లో గ్రీన్‌లా తీసిన ఛాయాచిత్రములో దానిపై ఇటుక శిఖరము గలదు; తరువాత దానిని తొలగించిరి. ముందున్న ఏనుగులు మొదటివి కావు. వాని వెనుక కనబడు తోకలు, కాళ్లు పూర్వము గుఱ్ఱము లుండినట్లు తెలుపుచున్నవి.

శిఖరమును మరల కట్టవలెనా? ఏనుగులను తీసివేయవలెనా? అట్లు చేసినచో మన ఊహ నిలుచును, ఉన్న సాక్ష్యము నశించును. కారునకు విడిభాగము దొరకవచ్చును. నశించిన సాక్ష్యము దొరకదు.

కావున మీ యింట తాతగారి ఎద్దుబండినో, గడియారమునో బాగుచేయించునపుడు ముందుగా ఉన్నదున్నట్లు వ్రాసికొనుడు, ఫోటో తీయుడు. తీసిన భాగమును పాఱవేయక దాచుడు. క్రొత్తగా చేర్చినదానికి తేదీ వ్రాసి యుంచుడు. ఆ శిఖరము సంగతి మనకు తెలిసినది పాత ఛాయాచిత్రము వలననే గదా!