గాలిలో తేలే రైలు: ఒక మిల్లీమీటరు లెక్క

పాత లౌడ్‌స్పీకర్లలో వలయాకారపు అయస్కాంతాలు ఉంటాయి. అలాంటివి రెండు సంపాదించండి. వాటి రంధ్రంలో వదులుగా పట్టే కర్ర ఒకటి తీసుకొని నిలువుగా నిలబెట్టండి. మొదటి అయస్కాంతాన్ని కర్రకు తొడగండి. రెండోదాన్ని, సజాతి ధ్రువాలు ఎదురెదురుగా ఉండేటట్లు, దానిపైన తొడగండి. పైది కిందిదాన్ని తాకకుండా గాలిలో తేలుతుంది. వేలితో నొక్కితే కిందికి దిగి, వదలగానే మళ్ళీ పైకి లేస్తుంది.

ఇప్పుడు కర్రను మెల్లగా తీసివేయండి. ఏమయింది? పై అయస్కాంతం పక్కకు జారి, గిరుక్కున తిరగబడి, కిందిదానికి టక్కున అతుక్కుపోయింది కదూ! వికర్షణ బలానికి ఏ లోటూ రాలేదు. పోయింది నిలకడ మాత్రమే.

పట్టాలను తాకకుండా పరుగెత్తే మాగ్లెవ్ రైలును తయారు చేసేవారికి ఎదురైన చిక్కు కూడా ఇదే. రైలును పైకి ఎత్తడం అంత కష్టం కాదు. ఎత్తినదాన్ని ఎత్తినచోట నిలపడమే కష్టం. ఎందుకో పదవ తరగతి లెక్కలతోనే తెలుసుకోవచ్చు.

రైలును కింది నుంచి లాగడం

సజాతి ధ్రువాలతో రైలును పైకి నెట్టాలని మనకు ముందుగా తోస్తుంది. జర్మనీకి చెందిన హెర్మన్ కెంపర్ దీనికి తలకిందుల ఆలోచన చేశాడు. ఆకర్షణతోనే రైలును ఎత్తవచ్చని చెప్పి, 1934లో పేటెంటు పొందాడు. ఇందులో రైలు నడిచే దారి ఒక పొడవైన దూలంలా ఉంటుంది. రైలుపెట్టెకు ఇరువైపులా ఉన్న చేతులు దూలం అంచుల కిందికి వంగి ఉంటాయి. ఆ చేతుల్లో విద్యుదయస్కాంతాలు, వాటికి కొంచెం పైన దూలం అడుగుభాగంలో ఇనుము ఉంటాయి. విద్యుత్తు ప్రవహించగానే అయస్కాంతాలు పైనున్న ఇనుము వైపు లాగబడతాయి. వాటితోపాటు పెట్టె కూడా లేస్తుంది. అయస్కాంతానికీ ఇనుముకూ మధ్య ఎడం సుమారు 10 మి.మీ. మాత్రమే.

ఇక లెక్క చేద్దాం. విద్యుదయస్కాంతపు ఆకర్షణ బలం విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలోను, ఎడం వర్గానికి విలోమానుపాతంలోను ఉంటుంది. ప్రవాహపు వర్గం ఎందుకు వచ్చింది? ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే తీగచుట్ట బలం రెట్టింపవుతుంది. ఎదుటి ఇనుములో అది కలిగించే అయస్కాంతత్వం కూడా రెట్టింపవుతుంది. రెండు రెండ్లు నాలుగు. ఇనుము అయస్కాంతత్వంతో సంతృప్తం కానంతవరకు ఈ సూత్రం దాదాపు సరిపోతుంది.

మన రైలుపెట్టె ద్రవ్యరాశి 50,000 కి.గ్రా. అనుకుందాం. గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకుంటే దాని బరువు 5,00,000 న్యూటన్లు. ఎడం 10 మి.మీ. ఉన్నప్పుడు, 100 ఆంపియర్ల ప్రవాహంతో ఆకర్షణ బలం సరిగ్గా 5,00,000 న్యూటన్లు ఉందనుకుందాం. బలాలు సరితూగాయి. పెట్టె గాలిలో నిలిచింది.

ఇంతలో చిన్న కుదుపు వచ్చి పెట్టె ఒక్క మిల్లీమీటరు పైకి లేచింది. ఎడం 9 మి.మీ. అయింది. ప్రవాహం మాత్రం మారలేదు. అప్పుడు

బలం = 5,00,000 × (10/9)² = 6,17,000 న్యూటన్లు (సుమారు)

బరువు కంటే ఇది 1,17,000 న్యూటన్లు ఎక్కువ. దీన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం 2.3 మీ/సె² వస్తుంది. పెట్టె ఇంకా పైకి పోతుంది. పోయినకొద్దీ ఎడం తగ్గి, ఆకర్షణ మరింత పెరుగుతుంది.

అదే పెట్టె ఒక మిల్లీమీటరు కిందికి దిగితే?

బలం = 5,00,000 × (10/11)² = 4,13,000 న్యూటన్లు (సుమారు)

ఇది బరువును మోయడానికి చాలదు. కాబట్టి పెట్టె ఇంకా దిగుతుంది. దిగినకొద్దీ ఆకర్షణ మరింత తగ్గుతుంది.

గిన్నె అడుగున గోలీని వేసి కొంచెం పక్కకు జరపండి. అది తిరిగి అడుగుకే వస్తుంది. ఇది స్థిర సమతాస్థితి. గిన్నెను బోర్లించి దాని నెత్తిమీద గోలీని నిలపండి. వెంట్రుకవాసి జరిగినా దొర్లిపోతుంది. ఇది అస్థిర సమతాస్థితి. మన రైలుపెట్టె బోర్లించిన గిన్నె మీది గోలీ అన్నమాట!

మనకు ఎంత వ్యవధి ఉంది? మిగిలిన 9 మి.మీ. దూరాన్ని 2.3 మీ/సె² త్వరణంతో దాటడానికి ఎంత కాలం పడుతుందో s = ½at² సూత్రంతో కట్టండి. 0.09 సెకను వస్తుంది. నిజానికి త్వరణం పెరుగుతూ పోతుంది కనుక అంత వ్యవధి కూడా ఉండదు. కంటి రెప్ప వాల్చి ఎత్తేలోపల 50 టన్నుల పెట్టె పోయి ఇనుముకు కొట్టుకుంటుంది.

అరచేతిలో కర్ర

పొడవైన కర్రను అరచేతిలో నిలువుగా నిలబెట్టే ఆట మీరు ఆడే ఉంటారు. కర్ర ఎటు ఒరిగితే అటు చేతిని జరుపుతారు. కన్ను చూస్తుంది, చెయ్యి సవరిస్తుంది. ఇంజనీర్లు పట్టుకున్న ఉపాయం కూడా ఇదే. పెట్టెలోని సాధనాలు ఎడాన్ని సెకనుకు వేలసార్లు కొలుస్తాయి. ఎలక్ట్రానిక్ వలయం వెంటనే విద్యుత్ ప్రవాహాన్ని మారుస్తుంది.

ఎంత మార్చాలి? బలం మారకుండా ఉండాలంటే ప్రవాహానికీ ఎడానికీ ఉన్న నిష్పత్తి మారకూడదు. ఎడం 9 మి.మీ. అయితే ప్రవాహం 90 ఆంపియర్లు, 11 మి.మీ. అయితే 110 ఆంపియర్లు ఉండాలి. అయితే అంతమాత్రం చేస్తే పెట్టె మీది బలాలు సరితూగుతాయి కాని, అది పాతచోటుకు తిరిగి రాదు. అందువల్ల పైకి లేచిన పెట్టెను దించడానికి 90 కంటే ఇంకొంచెం తగ్గించాలి. దిగిన పెట్టెను ఎత్తడానికి 110 కంటే ఇంకొంచెం పెంచాలి.

ఈ పద్ధతిలో నడిచే రైలు చైనాలోని షాంఘైలో ఉంది. జర్మనీ పరిజ్ఞానంతో కట్టిన దాని దారి పొడవు 30 కి.మీ. అది నగరం నుంచి పుడాంగ్ విమానాశ్రయానికి పోతుంది. 2004లో ప్రయాణికుల సేవ మొదలుపెట్టిన ఈ రైలు గంటకు 431 కి.మీ. వేగాన్ని కూడా అందుకొంది. దీనికంటే ముందే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, విమానాశ్రయానికీ రైల్వేస్టేషనుకూ మధ్య, సుమారు 600 మీటర్ల దూరం ఒక చిన్న మాగ్లెవ్ నడిచింది. నెమ్మదిగా పోయే ఆ బండి 1984 నుంచి 1995 వరకు పనిచేసింది.

తనను తానే సర్దుకొనే రైలు

ఎవరూ సవరించకుండానే నిలకడగా తేలే రైలు సాధ్యమా? కదలకుండా ఉన్న శాశ్వత అయస్కాంతాలతో అది సాధ్యం కాదు. వాటిని ఏ విధంగా అమర్చినా ఒక దిక్కున కాకపోతే ఇంకో దిక్కున నిలకడ తప్పుతుంది. శామ్యూల్ ఎర్న్‌షా 1842లో ప్రచురించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. మీరు కర్ర తీసిన వెంటనే అయస్కాంతం తిరగబడటానికి కారణం కూడా ఇదే.

మరి అయస్కాంతం కదులుతూ ఉంటే? ఒక రాగి గొట్టాన్ని నిలువుగా పట్టుకొని, బలమైన చిన్న అయస్కాంతాన్ని అందులోకి వదలండి. రాగిని అయస్కాంతం ఆకర్షించదు. అయినా అది గొట్టంలో నింపాదిగా దిగివస్తుంది. కదిలే అయస్కాంతం వల్ల లోహంలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనుగొన్నాడు. అలా పుట్టిన విద్యుత్తు తన పుట్టుకకు కారణమైన మార్పునే ఎదిరిస్తుందని 1834లో లెంజ్ చెప్పాడు.

జపాను ఇంజనీర్లు ఈ నియమాన్నే నమ్ముకున్నారు. వారి రైలు దారికి ఇరువైపులా గోడలుంటాయి. గోడల్లో 8 అంకె ఆకారపు తీగచుట్టలు వరసగా అమర్చి ఉంటాయి. రైలులో అతివాహక అయస్కాంతాలుంటాయి. వాటిలోని నియోబియం–టైటానియం తీగలను ద్రవ హీలియంతో సుమారు −269° సెల్సియస్ దాకా చల్లబరుస్తారు. అప్పుడు తీగలో నిరోధం ఉండదు కనుక బలమైన ప్రవాహం తరగకుండా సాగుతుంది.

రైలు అయస్కాంతం సరిగ్గా 8 నడుమ నుంచి దూసుకుపోతే, పై సున్నాలోను కింది సున్నాలోను పుట్టే ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రైలు కొంచెం కిందికి దిగితే ఆ సమానత్వం పోయి చుట్టలో విద్యుత్తు ప్రవహిస్తుంది. అప్పుడు కింది సున్నా రైలును పైకి నెడుతుంది, పై సున్నా పైకి లాగుతుంది. ఎంత ఎక్కువ దిగితే అంత ఎక్కువ బలం! రైలు బరువు వల్ల నడిమికి కొంచెం దిగువగా బలాలు సరితూగి, అక్కడే అది పరుగెడుతుంది. ఇది గిన్నెలోపలి గోలీ.

అయితే దీనికీ ఒక లోటుంది. అయస్కాంతం కదలకపోతే చుట్టల్లో విద్యుత్తు పుట్టదు. అందుచేత ఈ రైలు ఆగి ఉన్నప్పుడు తేలలేదు. గంటకు సుమారు 150 కి.మీ. వేగం వచ్చేవరకు రబ్బరు చక్రాల మీద పరుగెత్తి, ఆ తరువాత విమానంలా చక్రాలు ముడుచుకుంటుంది. ఒకసారి లేచిందంటే నేలకూ దానికీ సుమారు 10 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. 2015 ఏప్రిల్ 21న యమనాషి ప్రయోగ మార్గంలో ఈ జాతి రైలు గంటకు 603 కి.మీ. వేగాన్ని సాధించింది.

మీరు చేయవలసిన లెక్కలు

1. మన 50 టన్నుల పెట్టె విషయంలో ఎడం 8 మి.మీ. అయింది. బలం బరువుకు సరిగ్గా సమానం కావాలంటే ఎంత ప్రవాహం కావాలి?

2. ప్రవాహం 100 ఆంపియర్లుగానే ఉండి, ఎడం 12 మి.మీ. అయితే ఆకర్షణ బలం ఎంత? పెట్టె ఎంత త్వరణంతో దిగుతుంది?

3. పరుగెత్తే రైలులో కరెంటు సరఫరా హఠాత్తుగా ఆగిపోయింది. షాంఘై రైలులో బ్యాటరీలు కూడా ఉండాలి, జపాను రైలు తేలడానికి అవి అక్కరలేదు. ఎందుకు?

జవాబులు: 1. 80 ఆంపియర్లు. 2. సుమారు 3,47,000 న్యూటన్లు, సుమారు 3.1 మీ/సె². 3. మొదటిదానిలో తేల్చే బలం సరఫరా మీద, క్షణక్షణం జరిగే సవరణ మీద ఆధారపడుతుంది. రెండోదానిలో అతివాహక తీగలోని ప్రవాహం తరగదు. గోడ చుట్టల్లోని విద్యుత్తు రైలు వేగం వల్లనే పుడుతుంది. కాబట్టి వేగం తగ్గి చక్రాల మీదికి దిగేవరకు రైలు తేలుతూనే ఉంటుంది.