ఇంజనునకు క్రొత్త కంప్యూటరు నమర్చుట

పెట్రోలు ఇంజను నడచుటకు కావలసినవి మూడు. తగినంత గాలి, ఆ గాలికి తగినంత పెట్రోలు, ఆ రెంటి మిశ్రమమును తగిన క్షణమున ముట్టించు నిప్పురవ్వ. పూర్వపు బండ్లలో ఈ మూటిని స్ప్రింగులును, బరువులును, సన్నని రంధ్రములును నిర్ణయించుచుండెడివి. కార్బురేటరులోని రంధ్రము గాలి పీల్పునుబట్టి పెట్రోలు నిచ్చెడిది. డిస్ట్రిబ్యూటరులోని బరువులు వేగము హెచ్చిన కొలది విడివడి నిప్పురవ్వను ముందునకు జరిపెడివి. చెడిపోయినచో తెలివిగల మెకానిక్కు స్క్రూడ్రైవరుతోనే సవరింపగలిగెడివాడు. నేటి కార్లలో ఆ పనియంతయు ఒక చిన్న పెట్టె చేయుచున్నది. దానిని వ్యవహారమున ఈసీయూ అందురు. కారు చేసినవారిచ్చిన యా పెట్టెను తీసి వేఱొక కంపెనీ చేసిన పెట్టెను పెట్టుట యెట్లు, అందలి కష్టనష్టము లెవ్వి యను విషయమును భౌతికశాస్త్రము చదువు మన విద్యార్థులకు తెలియజేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ పెట్టె పుట్టుక కొంచెము తెలిసికొనుట మంచిది. అమెరికాలోని బెండిక్స్ కంపెనీవారు విద్యుత్తుచే తెఱచుకొను పెట్రోలు చిమ్మెడి గొట్టములను తయారుచేసి 1958 నాటి క్రైస్లరు కార్లు కొన్నింటికి అమర్చిరి గాని ఆ యేర్పాటు నిలువలేదు. 1967లో జర్మనీ దేశపు బాష్ కంపెనీవారి డీ-జెట్రోనిక్ అను పద్ధతి ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో ప్రవేశించెను. 1979లో అదే కంపెనీవారి మోట్రానిక్ పద్ధతి పెట్రోలును నిప్పురవ్వను ఒకే కంప్యూటరు అధీనమున నుంచెను. ఇందులకు కారణము బలముపై మోజు మాత్రము కాదు. పట్టణములలో గాలి పాడగుచుండుటచే ప్రభుత్వములు పొగపై కట్టుబాట్లు విధించినవి. ఆ కట్టుబాట్లను కార్బురేటరు తీర్పలేకపోయెను.

ఇక కంప్యూటరు చేయు లెక్క యేమో చూతము. ఒక పాలు పెట్రోలు పూర్తిగా దహించుటకు తూకములో 14.7 పాళ్ల గాలి కావలయును. కావున సిలిండరులోనికి వచ్చిన గాలి తూకము తెలిసినచో పెట్రోలు తూకము తెలియును. గాలిని త్రాసులో తూచుట సాధ్యము కాదు గదా! ఇచ్చట మీరు తరగతిలో చదివిన బాయిలు, చార్లెసుల నియమములు అక్కఱకు వచ్చును. సిలిండరు ఘనపరిమాణము మనకు తెలిసినదే. గాలి పోవు గొట్టములో ఒత్తిడిని కొలుచు పరికర మొకటియు, ఉష్ణోగ్రతను కొలుచు పరికర మొకటియు ఉన్నవి. ఒత్తిడి, ఘనపరిమాణము, ఉష్ణోగ్రత అను మూడును తెలిసినపుడు తూకము దానంతట వచ్చును.

ఉదాహరణమునకు 1600 ఘనసెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనును తీసికొందము. ఒక్కొక్క సిలిండరు 400 ఘనసెంటీమీటర్లు. ఒత్తిడి 100 కిలోపాస్కళ్లు, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, అనగా పరమమానమున 300 అయినచో లీటరు గాలి సుమారు 1.16 గ్రాములు తూగును. 400 ఘనసెంటీమీటర్లకు 0.46 గ్రాము. అయితే కవాటములు తెఱచియుండు కొద్దికాలములో సిలిండరు పూర్తిగా నిండదు. నూటికి 80 పాళ్లు నిండెననుకొన్న 0.37 గ్రాము. దానిని 14.7 చేత భాగింపగా 0.025 గ్రాము పెట్రోలు. ఇంజెక్టరు నిమిషమునకు 200 ఘనసెంటీమీటర్లు చిమ్మునదైనచో సెకనునకు సుమారు 2.47 గ్రాములు చిమ్మును. కావున అది తెఱచియుండవలసిన కాలము సెకనులో వేయింట పది భాగములు. ఇంజెక్టరు విద్యుత్తు అందిన వెంటనే తెఱచుకొనదు. సుమారు వేయింట ఒక భాగము జాగు చేయును. బ్యాటరీ వోల్టేజి తగ్గినచో ఆ జాగు పెరుగును. దానినిగూడ కలుపవలయును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగు వేళ ఈ లెక్కయంతయు ప్రతి సిలిండరునకు సెకనులో ఏబదియవ వంతున కొకసారి జరుగవలసియున్నది. మండు వేసవిలో లోనికి పోవు గాలి 47 డిగ్రీలైనచో పరమమానమున 320 అగును. అప్పుడు గాలి నూటికి ఆరు పాళ్లు తగ్గును. కంప్యూటరు పెట్రోలునుగూడ అంతమేరకు తగ్గించును. కార్బురేటరునకు ఈ తెలివి లేదు.

పైలెక్కలో నూటికి 80 అని మనము ఊహించితిమి. అసలు చిక్కంతయు ఆ యంకెలోనే యున్నది. వేగము మాఱినను, ఒత్తిడి మాఱినను అది మాఱును. దానిని సూత్రముచే కట్టుట దుర్లభము, కొలిచి వ్రాసికొనవలసినదే. అందుచేత కంప్యూటరులో ఒక పెద్ద పట్టిక యుండును. అడ్డముగ వేగములు పదునాఱు, నిలువుగ ఒత్తిడులు పదునాఱు, మొత్తము 256 గళ్లు. రెండు గళ్ల నడిమి విలువ కావలసినపుడు లాగరిథము పట్టికలలో మీరు చేయునట్లే నడిమి భేదమును కంప్యూటరు లెక్కించుకొనును. నిప్పురవ్వకు ఇట్టిదే మఱియొక పట్టిక. కారుతో వచ్చిన పెట్టెలో ఈ పట్టికలు మూసివేయబడియుండును. బయటివారు అమ్ము పెట్టెలో అవి తెఱచియుండి మన చేతికి లోబడును. ఈ రెండు పెట్టెలకు గల ముఖ్యభేద మిదియే. ఆస్ట్రేలియాలోని హాల్టెక్, మోటెక్ కంపెనీలును, న్యూజీలాండులోని లింక్ కంపెనీయు ఇట్టివానిని చేయుచున్నవి. 2001లో అమెరికాకు చెందిన బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అను నిరువురు మెగాస్క్విర్ట్ అను పేర, ఎవరైనను ఇంటివద్ద టంకము పెట్టి కూర్చుకొనదగిన పెట్టెను వెలయించిరి. తమ చేతితో చేసి నేర్చుకొనువారికి అంతకంటె మంచి పాఠ్యగ్రంథము లేదని నా యభిప్రాయము.

ఎవరికి దీని యవసరము కలదు? టర్బోచార్జరు క్రొత్తగా బిగించినవారికిని, ఒక కారు ఇంజనును వేఱొక కారులో పెట్టినవారికిని, పందెములకు పోవువారికిని, పాత పెట్టె చెడి మఱియొకటి దొరకనివారికిని కలదు. ఇంజనులో ఏ మార్పును చేయక పెట్టెను మాత్రము మార్చినచో బలమేమంత పెరుగదు. అట్టివారు ధనమును దాచుకొనుట మేలు.

నిప్పురవ్వ సంగతి పెట్రోలుకంటె సున్నితమైనది. మిశ్రమము అంటుకొని మంట వ్యాపించుటకు కొంత కాలము పట్టును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నపుడు క్రాంకు షాఫ్టు సెకనులో వేయవవంతున 18 డిగ్రీలు తిరుగును. కావున పిస్టను పైకి చేరకముందే రవ్వ పుట్టవలయును. ఆలస్యమైనచో బలము పోవును, ఇంజను వేడెక్కును. ముందైనచో అంతకంటె కీడు. ఇంకను మండని మిశ్రమము ఒత్తిడికి తాళజాలక ఒక్కసారిగ ప్రేలును. సుత్తితో ఇనుమును కొట్టినట్లు చప్పుడు వినబడును. బరువు లాగుచున్న ఇంజనులో ఇది కొలది క్షణములు సాగినను పిస్టను అంచులు విఱిగిపోవచ్చును, తల కరగి రంధ్రము పడవచ్చును.

షాఫ్టు ఎచ్చట నున్నదో కంప్యూటరు ఎట్లెఱుగును? షాఫ్టు చివర పండ్ల చక్ర మొకటి యుండును. పెక్కు కార్లలో అరువది పండ్లకు స్థలము చేసి రెండు పండ్లను విడిచిపెట్టుదురు. ఒక్కొక్క పన్ను ఆరు డిగ్రీలు. పండ్లు లేని చోటు దాటినపుడు కంప్యూటరు అచ్చటినుండి లెక్క మొదలిడును. ఆ చోటునుండి మొదటి పిస్టను పైకి వచ్చు తావు ఎన్ని డిగ్రీలో అమర్చువాడు క్రొత్త పెట్టెకు చెప్పవలయును. ఒక్క పన్ను తప్పు లెక్కించినచో నిప్పురవ్వ ఆరు డిగ్రీలు తప్పును. తెరపై మాత్రము అంతయు సరిగనే కనబడుచుండును! అందుచేత తెరను నమ్మరాదు. కంప్యూటరునకు పది డిగ్రీలని కదలకుండ నిర్ణయించి, టైమింగు లైటును కప్పీ గుర్తుపై పట్టి, నిజముగ పదియే యున్నదా యని కంటితో చూడవలయును. వేగము పెంచినపుడుగూడ గుర్తు కదలరాదు. కదలినచో అయస్కాంతపు సెన్సారు తీగలు రెండును తాఱుమాఱైనవేమో చూచుకొనవలెను.

తీగలు కూర్చుటలో ఓర్పు కావలయును. సెన్సారులకు వెళ్లు భూమితీగ కంప్యూటరునకే రావలయును గాని బండి యినుమునకు కట్టరాదు. అట్లు కట్టినచో స్టార్టరు, పంకా మొదలగువాని విద్యుత్తు కొలతలను కలతపెట్టును. క్రాంకు సెన్సారు తీగను చుట్టిన లోహపు తొడుగును ఒక్క కొసనే భూమికి కలుపవలయును. పాత తీగలను కోయుటకంటె పాత పెట్టె మూతికి సరిపోవు అమరిక తీగలను కొని తగిలించుట మంచిది. అట్లయిన పాత పెట్టెను తిరిగి పెట్టుకొనుటకు వీలుండును.

ఇంజను స్టార్టు చేయకమునుపే పరీక్ష జరుగవలయును. ఉదయమున బండి చల్లగ నున్నపుడు నీటి ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత తెరపై ఇంచుమించు సమానముగ నుండవలెను. లేనిచో సెన్సారు పట్టిక తప్పు. బాష్ కంపెనీవారి నీటి సెన్సారు నిరోధము 20 డిగ్రీలవద్ద సుమారు 2500 ఓములు, 100 డిగ్రీలవద్ద 200 ఓములకు లోపు. ఒత్తిడి సెన్సారు సముద్రతీరమున 100 కిలోపాస్కళ్లకు దగ్గఱగను, హైదరాబాదువంటి ఎత్తైనచోట సుమారు 95గను చూపవలయును. పిమ్మట ఇంజెక్టర్ల తీగలు ఊడదీసి స్టార్టరుతో త్రిప్పి వేగము నిలకడగ కనబడుచున్నదో లేదో చూడవలయును. ఇవన్నియు కుదిరిన తరువాతనే పెట్రోలు.

ఇంతవఱకు చెప్పినది పాతికేండ్ల నాటి కారునకు చాలును. నేటి కారునకు చాలదు. దానిలో ఒక కంప్యూటరు కాదు, పెక్కు కంప్యూటర్లున్నవి. బ్రేకులది వేఱు, గేర్లది వేఱు, స్టీరింగుది వేఱు. అవన్నియు 1986లో బాష్ కంపెనీవారు వెల్లడించిన క్యాన్ అను పద్ధతిచే రెండు తీగలపై ఒకదానితో నొకటి మాటలాడుకొనుచుండును. ఇంజను పెట్టెను తీసివేయుట కుటుంబములో మాటలాడు పెద్దను తొలగించుటవంటిది. వేగముమీటరు చచ్చును, స్టీరింగు బరువెక్కును, గేర్లు మాఱవు, తాళపుచెవిని గుర్తించు కావలి యంత్రము బండినే కదలనీయదు. క్రొత్త పెట్టె అవే మాటలను అదే భాషలో పలుకవలయును. ఆ కారు కొఱకే చేసిన పెట్టె దొరకనిచో తెలివిగలవాడు పాత పెట్టెను అచ్చటనే యుంచి, ఇంజనును మాత్రము క్రొత్తదానికి అప్పగించును. సిలిండరులోనికి నేరుగ పెట్రోలు చిమ్ము ఇంజన్లకు మఱియొక చిక్కు. అందలి ఇంజెక్టర్లు తెఱచుకొనుటకు బ్యాటరీ వోల్టేజి చాలదు. సుమారు 65 వోల్టుల విద్యుత్తు కావలయును. సామాన్యపు పెట్టెలు దానినీయలేవు.

అన్నిటికంటె భయపడవలసినది యాక్సిలరేటరు విషయమున. ఇప్పటి బండ్లలో పెడలునుండి ఇంజనునకు ఇనుపతీగ లేదు. పెడలు వద్ద రెండు సెన్సార్లు, గాలితలుపు వద్ద రెండు సెన్సార్లు ఉండును. రెండేసి యుండుట అలంకారమునకు కాదు. ఒకటి అబద్ధమాడినచో రెండవదానితో పోల్చి కంప్యూటరు తలుపును మూసివేయుటకు. క్రొత్త పెట్టె నమర్చువాడు తొందరపడి ఒక్కదానినే కలిపి రెండవదాని తనిఖీని మాన్పించినచో, ఒక తీగ తెగిన దినమున బండి తనంతట పరుగెత్తవచ్చును. వీధిలో నడచువారి ప్రాణము ఆ తీగపై నున్నది. కావున ఇంజను ఆగియుండగ ఒక్కొక్క సెన్సారు తీగను ఊడదీసి, తలుపు ప్రతిసారియు మూసికొనుచున్నదని చూచినగాని బండిని బాటపైకి తీయరాదు.

పట్టికలు నింపుటకు పొగగొట్టములో విశాలపరిధిగల ఆమ్లజని సెన్సారు కావలయును. బండి చక్రములను రోలర్లపై నిలిపి, తక్కువ బరువునుండి మొదలిడి గడి తరువాత గడిగ సవరింతురు. మొదట పెట్రోలు కొంచెము ఎక్కువగను, నిప్పురవ్వ కొంచెము ఆలస్యముగను ఉంచుట క్షేమము. పూర్తి బరువుపై గాలి 12.5 మొదలు 13 పాళ్ల వఱకు నుండవచ్చును. టర్బో యున్నచో ఇంకను తక్కువ. 2025లో మనదేశమున పెట్రోలునందు నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలుపు స్థితికి చేరితిమి. అట్టి మిశ్రమమునకు 14.7 కాక సుమారు 13.5 పాళ్ల గాలి చాలును. విదేశపు పట్టికలను ఇచ్చట అట్లే దించుకొనువారు దీనిని మఱువరాదు. నిప్పురవ్వ తప్పి మండని పెట్రోలు పొగగొట్టమునకు పోయినచో అందలి ప్లాటినము, పల్లాడియము, రోడియము పూసిన శుద్ధియంత్రము వేడెక్కి కరగిపోవును. దాని వెల యెక్కువ. అది లేని బండి విడుచు వాయువులను పీల్చువారు మనమే.

చట్టము మాటయు చెప్పవలసియున్నది. మనదేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారీదారు మొదట నిర్దేశించినదానికి రిజిస్ట్రేషను పత్రములోని వివరములు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. అమెరికాలో పొగను శుద్ధిచేయు ఏర్పాటులను చెఱచుట కేంద్రచట్టముచే నేరము. కాలిఫోర్నియాలో ప్రభుత్వ గాలిమండలివారు పరీక్షించి మినహాయించిన సామగ్రిని మాత్రమే బాటపై నడుచు బండ్లకు బిగింపవచ్చును. తక్కినవి పందెపు మైదానములకే.

సవరించునపుడు బండి నడుపువా డొకడు, తెర చూచువాడు వేఱొకడుగ నుండవలయును. పట్టికలో మార్పు చేసిన ప్రతిసారి పాతదానిని చెఱపక తేదీ, ఉష్ణోగ్రత, పెట్రోలు రకము వ్రాసి వేఱుగ దాచవలయును. ఊడదీసిన పాత పెట్టెను తడి తగులని చోట, దాని తాళపుచెవితో కూడ భద్రపఱచవలయును. బండిని అమ్ము దినమున కొనువాడు మొదట అడుగునది అదే.