పెద్ద ధ్వనులు - పెక్కు అర్థములు

ధ్వనిని తెలుపు పదము ధ్వనితోనే నిలిచిపోదు. ఆంగ్లమున పెద్ద చప్పుళ్ళను తెలుపు పదములు ఈ విషయమున మన విద్యార్థులను మిక్కిలి ఇబ్బంది పెట్టుచున్నవి. అనువాద ప్రశ్నలలో తమకు తెలిసిన ఒక్క అర్థమునే పట్టుకొనుటచే వాక్యమంతయు తలక్రిందులగుచున్నది. కావున అట్టి పదములు కొన్నింటిని తెలుగు, ఉర్దూ పలుకుబడులతో పోల్చి ఇచట పరిశీలింతుము.

'రిపోర్ట్' అనగా నివేదిక యని అందరును ఎరుగుదురు. కాని ఒక కథలో తుపాకి 'లౌడ్ రిపోర్ట్'తో ప్రేలెనన్నచో అది నివేదిక కాదు, ప్రేలిన చప్పుడు. 'బ్లాస్ట్' అను పదమునకు మొదటి అర్థము బలమైన గాలి. పిదప బూర ఊదిన ధ్వని, ఆపైన ప్రేలుడు అను అర్థములు చేరినవి. విశాఖ ఉక్కు కర్మాగారమున 'గోదావరి' యను పేరుగల బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో ప్రారంభమైనది. దానిని 'ప్రేలుడు కొలిమి' యని వ్రాసినచో నగుబాటగును. అచట జరుగునది వేడిగాలిని ఒత్తిడితో కొలిమిలోనికి ఊదుట మాత్రమే.

'బ్యాంగ్' అనగా దభాలుమను చప్పుడు. 1949లో ఫ్రెడ్ హొయిల్ అను శాస్త్రజ్ఞుడు బి.బి.సి. రేడియో ప్రసంగమున, తాను అంగీకరింపని విశ్వోత్పత్తి సిద్ధాంతమును 'బిగ్ బ్యాంగ్' అని పేర్కొనెను. ఆ పేరే స్థిరపడినది. కాని ఆ సిద్ధాంతము చెప్పునది చప్పుడును గూర్చి కాదు, విశ్వము విస్తరించుటను గూర్చి.

ఈ చిక్కు ఆంగ్లమునకే పరిమితము కాదు. గంట మ్రోగిన 'మ్రోత' వేరు, మూట మోసిన 'మోత' వేరు. వాడుకలో రకారము జారిపోగా రెండును ఒకటైనవి. గుడిగంటల మోత ధ్వని. చెరకు మోపుల మోత బరువు. పత్రికలు వ్రాయు 'పన్నుల మోత'యు బరువే.

ఉర్దూలోని 'నక్కారా' తెలుగున 'నగారా' యైనది. ఎన్నికల నగారా మ్రోగినదన్నచో ఎచటను వాద్యము వినబడదు. ఎన్నికలు ప్రకటింపబడినవని భావము. 'డంకా బజానా' మన నోట 'ఢంకా బజాయించి చెప్పుట' యైనది. అనగా జంకులేక చాటుట. 'నక్కార్‌ఖానేమే తూతీకీ ఆవాజ్' అని ఉర్దూ సామెత. నగారాల శాలలో చిన్న పిట్ట కూత ఎవరికి వినబడును? బలవంతుల నడుమ బలహీనుని మాట అట్టిదని భావము.

అర్థనిర్ణయమునకు సాహచర్యము, ప్రకరణము మొదలగునవి సాధనములని భర్తృహరి 'వాక్యపదీయము'న ఏనాడో తెలిపెను. విద్యార్థులు ఆ మార్గమునే అనుసరింపవలెను. పదము ప్రక్కన తుపాకి యున్నదా, కొలిమి యున్నదా, కార్యాలయమున్నదా యని మొదట చూడవలెను. నిఘంటువున మొదటి అర్థముతో ఆగక తుదివరకు చదువవలెను. తుదకు ఆ భావమునకు మాతృభాషలో గల పలుకుబడిని వెదకవలెను. ఇంట తెలుగో ఉర్దువో, కొన్ని యిండ్లలో రెండునో వినుచు పెరిగిన మన విద్యార్థులకు ఈ వెదకులాట కష్టము కాదు. ఆ కలిమిని పరీక్షా పత్రమునందును వినియోగించుకొందురని ఆశించుచున్నాము.