మగ్గం – కంప్యూటర్: సంప్రదాయ, హైటెక్ పరిశ్రమల బంధం

హైటెక్ రంగం సంప్రదాయ పరిశ్రమలకు పోటీదారు మాత్రమే కాదు. రెండూ ఒకదాని నుంచి మరొకటి నేర్చుకుంటాయి. చేనేత ఇందుకు మంచి ఉదాహరణ.

మగ్గం నుంచి కంప్యూటర్‌కు
• 1804: ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ చిల్లుల అట్టలతో డిజైన్ నేసే మగ్గానికి పేటెంట్ పొందారు.
• ఛార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ అనే గణన యంత్రం రూపకల్పనలో ఈ అట్టల పద్ధతినే తీసుకున్నారు.
• 1890: అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలెరిత్ ఇలాంటి చిల్లుల అట్టలతో పనిచేసే పంచ్‌కార్డు యంత్రాలు వాడారు. ఆయన కంపెనీ 1911లో విలీనమై ఏర్పడిన సంస్థే 1924లో ఐబీఎం అయింది.

యంత్రం నుంచి మగ్గానికి
• పోచంపల్లి తరహా చీరకు ముందుగా ఆసు పోయాలి, అంటే నూలును మేకుల చుట్టూ చుట్టాలి. అందుకు చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి.
• చింతకింది మల్లేశం 1999లో రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం ఈ శ్రమను, సమయాన్ని తగ్గించింది. నేత మాత్రం చేతిమగ్గం మీదే సాగుతుంది. ఆయనకు 2017లో పద్మశ్రీ లభించింది.

రక్షణ చర్యలు
• 1985 చేనేత రిజర్వేషన్ చట్టం: నిర్దేశించిన రకాల వస్త్రాలను మరమగ్గాలపై నేయరాదు.
• జాతీయ చేనేత దినోత్సవం: ఆగస్టు 7 (2015 నుంచి). 1905 నాటి స్వదేశీ ఉద్యమ ప్రారంభానికి గుర్తు.

మాదిరి ప్రశ్న: లక్ష్మీ ఆసు యంత్రం ఏ దశకు ఉపయోగపడుతుంది?
1) నూలు వడకడం 2) ఆసు పోయడం 3) నేయడం 4) గంజి పెట్టడం
జవాబు: 2