పగిలే జిర్కోనియా, పగులును ఆపే జిర్కోనియా

జిర్కోనియం ఆక్సైడును జిర్కోనియా అంటారు. సుమారు 2700 డిగ్రీల సెంటీగ్రేడు దాకా ఇది కరగదు. అయితే లోహాలు కరిగించే మూసలకు బాగా పనికిరావాలి కదా! కాని శుద్ధ జిర్కోనియాతో చేసిన మూసను కాల్చి చల్లారిస్తే పగిలిపోతుంది. ఎందుకని?

గది ఉష్ణోగ్రత వద్ద దీని స్ఫటికాలు మోనోక్లినిక్ రూపంలో ఉంటాయి. సుమారు 1170 డిగ్రీల వద్ద టెట్రాగోనల్ రూపానికి, 2370 వద్ద క్యూబిక్ రూపానికి మారతాయి. ఈ రూపాలే ప్రావస్థలు. చల్లారేటప్పుడు టెట్రాగోనల్ తిరిగి మోనోక్లినిక్‌గా మారుతూ 4 శాతానికి పైగా ఉబ్బుతుంది. అందుకే పగులు.

దీనికి విరుగుడు ఇట్రియం ఆక్సైడు. అణువుల లెక్కన 3 శాతం కలిపితే, సన్నని రేణువుల్లో టెట్రాగోనల్ ప్రావస్థ చల్లారాక కూడా నిలుస్తుంది. 8 శాతమైతే క్యూబిక్ నిలుస్తుంది.

కాని అంతటా సమానంగా కలవాలి. ఉప్పు, పంచదార పొడిగా కలిపితే రేణువులు విడివిడిగానే ఉంటాయి. నీళ్ళలో కరిగిస్తే పూర్తిగా కలిసిపోతాయి. సాల్-జెల్ పద్ధతి కిటుకు ఇదే. రెండు లోహాల లవణాలను ద్రావణంలో కలుపుతారు. అందులో అతి సూక్ష్మ కణాలు ఏర్పడితే అది సాల్. అవి గొలుసులుగా అల్లుకుని ముంజెలా బిగిస్తే జెల్. దాన్ని ఆరబెట్టి, కాలిస్తే స్ఫటికాలు వస్తాయి.

1975లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మరో వింత వెల్లడించారు. ఇలాంటి జిర్కోనియాలో చిన్న పగులు పుడితే, దాని కొసన ఉన్న టెట్రాగోనల్ రేణువులు మోనోక్లినిక్‌గా మారి, ఉబ్బి, పగులును నొక్కేస్తాయి. మూసను పగలగొట్టిన ఉబ్బే ఇక్కడ కాపుకాస్తుందన్నమాట! నేడు దంతవైద్యులు తొడిగే తెల్లని జిర్కోనియా పళ్ళ గట్టితనానికి కారణం ఇదే.